చెరిపేసే ముందు

హాలులో బల్ల మీద పాత కంప్యూటర్ మూత విప్పి ఉంది. దాన్ని ఇంటిల్లిపాది ఫొటోలూ దాచుకునే సర్వర్‌గా మార్చాలని బావ, బావమరిది పొద్దున్నుంచి దాని ముందే కూర్చున్నారు.

“కొత్త డిస్కు సిద్ధం బావా. ఇందులో ఏం పెట్టినా ఇంట్లో అందరి ఫోన్లలోనూ కనిపిస్తుంది. ఇక పాత డిస్కు చెరిపేస్తాను.”

“ఆగు. ‘బావ ఉత్తరాలు’ అని ఉందేంటిక్కడ?”

“నీకు చదువు రాని రోజుల్లో నువ్వు చెబుతుంటే నేను టైపు చేసినవి. అంతా చెత్త, వదిలెయ్.”

“ఇప్పుడు వచ్చుగా, చదవనీ. ‘అయ్యా, ఫోర్‌మన్ పని నా వల్ల కాదు. మా బావమరిదికి ఇప్పించండి.’ ఒరేయ్, నేను చెప్పింది ఇదేనా?”

“ఆరేళ్ల నాటి సంగతి ఇప్పుడెందుకు బావా?”

“ఆ పని నాకే ఇమ్మని రాయమన్నాను. నువ్వు చదివి వినిపించిందీ అదే. నమ్మి సంతకం పెట్టాను.”

“అప్పుడే నాకు పెళ్లి కుదిరింది. బుద్ధి గడ్డి తింది.”

“అప్పట్నుంచీ నీ చేతికింద స్పానర్లు తిప్పుతున్నాను. నోరు తెరిచి అడగడం కూడా చేతకాని దద్దమ్మనని మీ అక్క దెప్పినప్పుడల్లా, పక్కనే కూర్చుని నవ్వావు కదరా!”

“అక్కకి మాత్రం చెప్పకు. నీ కాళ్లు పట్టుకుంటాను.”

“నేనేం చెప్పను. ఈ ఉత్తరం కొత్త డిస్కులోకి వెళ్లాలంటే ఏది నొక్కాలో నువ్వే చూపించు.”