బెల్లు మోగని సైకిలు

1944 జనవరి. లింకన్‌షైర్‌లో బాంబర్ విమానాల మైదానం పక్కనున్న ఊరు. బాగా తెల్లారింది. హెస్టర్ ఇంటి పెరటి గుమ్మంలో మెకానిక్ విల్ఫ్, చేతిలో సైకిలు.

“ఇది మావాడి సైకిలు కదూ! నువ్వు తెచ్చావేంటి విల్ఫ్?”

“అమ్మగారూ, కాస్త మెల్లగా…”

“మా సిరిల్ ఏడీ?”

“మ్యూరియల్ వదిన లేచిందా?”

“పైన పడుకునుంది. నా కోడలి సంగతి కాదు, నేనడిగింది చెప్పు.”

“అక్కడే వదిలేస్తే ఎవడో ఒకడు ఎక్కి పోతాడమ్మా. రానివాళ్ళ సైకిళ్ళు… అంటే… అందుకని నేనే…”

“రానివాళ్ళేంటి? పొగమంచు కదా, ఇంకోచోట దిగుంటారు. క్రిస్మస్ ముందు దిగలా?”

“దిగారమ్మా.”

“మరి?”

“వెనక విమానంలో వాళ్ళు చూశారట. హాలెండ్ మీద. చీకట్లో జర్మన్ విమానంవాడు కిందనుంచొచ్చి కొట్టాడట. మంటలతోనే పడిందట.”

“మా సిరిల్ నడుపుతుంటే ఎలా పడుతుంది?”

“మీరు ముందు కూర్చోండమ్మా.”

“పారాచూట్లుంటాయిగా. విమానంలో ఏడుగురికీ ఇస్తారుగా!”

“ఇస్తారమ్మా.”

“ఎన్ని విచ్చుకున్నాయి?”

“అదీ…”

“నిన్నే అడిగేది.”

“ఒక్కటీ కనబడలేదన్నారు.”

“చీకట్లో వాళ్ళకేం కనబడి చస్తుంది!”

“మంటల వెలుగుందిగా అమ్మా.”

“…సీటు అంత కిందికుందేం?”

“నాకు కాళ్ళందక దించాను. స్పానర్ ఉంటే ఇవ్వండి, మళ్ళీ పైకెత్తేస్తాను.”

“ఎవరికోసం ఎత్తుతావురా?”

“బెల్లు మోగితే ఆయనే వచ్చాడని వదిన అనుకుంటుందని, దారంతా బెల్లు మీద చెయ్యి పెట్టుకునే వచ్చాను. మధ్యాహ్నం ఆఫీసరుగారొస్తారు. నేను ముందే చెప్పానని అనకండి. వదినకి మాత్రం మీరే…”

“నా వల్ల కాదు. హల్ ఊళ్ళో బాంబు పడి ఇల్లు కూలి సిరిల్ వాళ్ళ నాన్న పోతే, వాడికి చెప్పింది నేనే. ఇది నా వల్ల కాదు. నువ్వు చెప్పు.”

“నేనా? ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఆ విమానానికి నూనె పోసి, తుడిచి, చక్రాల కింద దిమ్మలు లాగి, వెళ్ళిరండని చెయ్యూపింది నేనేగా.”

“అత్తయ్యా! ఎవరొచ్చారు?”

“వస్తోంది. కళ్ళు తుడుచుకో. ఊఁ, తుడుచుకో.”

“ఓ, సైకిలొచ్చేసిందే! మనిషేడి? బొగ్గుల కొట్లో దాక్కున్నాడా? మొన్నా ఇంతే, వెనకనుంచి ‘భౌ’ అన్నాడు.”

“మ్యూరియల్, నా తల్లీ…”

“నిలబడ్డావేం విల్ఫ్, కూర్చో. మొహమంతా పీక్కుపోయింది, రాత్రి నిద్రలేదా? అత్తయ్యా, ఆ కోడిగుడ్డిలా ఇవ్వండి. రేషన్లో వారానికి ఒక్కటేగా, ఆయనకని దాచానది.”

“విల్ఫ్ ఏదో చెప్తాడట, వినమ్మా.”

“నేనా? నేను… అంటే… సైకిలూ…”

“తర్వాత చెబుదువుగానిలే. పచ్చసొన జారుతూ ఉండాలి ఆయనకి. గట్టిపడిందా, ‘దీన్ని బాంబుల్లో కలిపేస్తా’నంటాడు.”

“గుడ్డు ఇప్పుడెందుకు తల్లీ? ఉంచు.”

“ఎంతకాలం ఉంచను? వేసేశాను. విల్ఫ్, సొరుగులో స్పానరుంది. ఆ సీటు పైకెత్తెయ్యి. ఆయనవి పొడుగు కాళ్ళు.”

“అలాగే వదినా.”

“ఒద్దు విల్ఫ్! ముట్టుకోకు! మ్యూరియల్, ఇలా నావైపు చూడు. పొయ్యి వైపు కాదు, నావైపు. నీకొక మాట చెప్పాలి. మన సిరిల్…”

“అత్తయ్యా, ఆయన విమానం చప్పుడు వినాలని నేను కిటికీ తెరుచుకునే పడుకుంటాను. మీరిద్దరూ అనుకున్నవన్నీ విన్నాను. ఈ గుడ్డు ఉడికేదాకా… అంతవరకూ ఏం చెప్పకండి.”