రెండో అత్త తీసిన గింజలు

అంతేనా రాశావు అమ్మాయీ? 'గిన్నెల, గింజల గారడీలో పేరెన్నికగన్న వూచియావ్ వాసి గెంగ్ యూలిన్' అని మా తాత పేరొక్కటేనా? మరి మా రెండో మేనత్త ఏదీ? ఆవిడ లేకుండా ఈ గారడీవాళ్ళ పుస్తకం అచ్చుకెళ్తే నేనొప్పుకోను. కూర్చో, టీ పోసుకో. ఇవాళ బాగానే గుర్తుంది, రేపటి సంగతి చెప్పలేను. మొన్న పొయ్యి మీద కొర్రగంజి పెట్టి, పెట్టిన సంగతే మర్చిపోయి పక్కింట్లో కబుర్లు చెబుతూ కూర్చున్నాను. అందుకే అన్నీ క్యాలెండర్ కాగితాల వెనక రాసుకుంటున్నా. బడికెళ్ళిన చదువు కాదులే, గోడకి అంటించిన పేపర్లు చూసి కూడబలుక్కున్న అక్షరాలు.

ఆ, గింజలు. నీకు తెలియందేముంది, మా వూళ్ళో చంకలో పిల్ల కూడా ఏదో ఒకటి మాయం చేస్తుంది. రెండు అన్నం గిన్నెలు, ఐదు ఎర్ర గింజలు, అన్నం తినే పుల్లల్లో ఒకటి. నేల మీద గుడ్డ పరిచి కూర్చుంటే చుట్టూ జనం. ఈ గిన్నె కింద పెట్టిన గింజ ఆ గిన్నె కింద తేలుతుంది, అంతే విద్య. ఎన్ని వందల ఏళ్ళదో మీ పెద్ద చదువులవాళ్ళే చెప్పాలి. మా తాతయితే గుడ్డ పరిచేముందు గురువుల పేర్లు చదివేవాడు. "నా గురువు షాంగ్ దెహో, ఆయన గురువు కుంటి మియావ్, ఆయన గురువు పాన్ లావోసాన్." చూశావా, అవన్నీ నోట్లోనే ఉన్నాయి. అందరూ మగాళ్ళే.

ఎందుకంటే కూతురికి నేర్పకూడదు. కూతురు రేపు ఇంకో ఇంటికి పోతుంది, విద్యా దానితో పోతుంది. కోడలికైతే నేర్పొచ్చు. అప్పటికి మా నాన్న పోయాడు, ఇంక మిగిలింది మా అమ్మ. పాపం మా అమ్మకి చెయ్యి రాదు. గింజ వేళ్ళ మధ్య ఆగదు. "ఏమే కోడలా, దాస్తున్నావా, నాటుతున్నావా?" అనేవాడు తాత. మరి అత్త? అత్త తాత వెనక కూర్చుని గంట కొట్టేది. గారడీవాడి వెనక బయటివాళ్ళని కూర్చోనివ్వరు, తెలుసుగా, ఇంటివాళ్ళే. జనానికి కనబడనిదంతా అక్కణ్ణించి కనబడుతుంది. పన్నెండేళ్ళు గంట కొడుతూ చూసింది మహాతల్లి. ఎవరికీ చెప్పలేదు. తాతకి తెలుసో లేదో నాకిప్పటికీ తెలీదు.

నాకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా తాత కుడిచెయ్యి పడిపోయింది. పండగ ముందర సంత, ఆ సంతలో ఆడకపోతే చలికాలమంతా మాకు తిండి లేదు. అమ్మ కూర్చుంది గిన్నెల ముందు. రెండో గింజే జారి, దొర్లుకుంటూ పోయి ఓ కసాయివాడి చెప్పు దగ్గర ఆగింది. వాడు తీసిచ్చి, "వదినా, ఇది పక్కన పెట్టుకో, వసంతంలో మొలకేస్తుంది" అన్నాడు. ఒకటే నవ్వులు. అమ్మ తల దించుకుంది. అప్పుడు అత్త లేచి, గంట నా చేతిలో పెట్టి, అమ్మని పక్కకి జరిపి కూర్చుంది.

చేతులా? తాత చేతులే. కానీ జనం నోరు మూయలేదు. ఓ కంచరగాడిదల మనిషి, "ఎడం చేతిలో ఉంది, చిటికెనవేలు కింద" అని అరిచాడు. నిజమే మరి. ఎందుకు తెలిసిందంటావు? అత్త తన చేతినే చూస్తోంది. ఆవిడ ఎటు చూస్తే జనమూ అటే. పన్నెండేళ్ళూ తాత వీపూ చేతులూ చూసిందే గానీ, ఆయన మొహం ఎటు తిరిగేదో వెనకనుంచి ఎలా తెలుస్తుంది? చేతులు దొంగిలించింది, చూపు దొంగిలించలేకపోయింది.

తాత కర్ర పట్టుకుని మెల్లిగా చుట్టూ తిరిగి వచ్చాడు. జనం ముందు, సరిగ్గా అత్తకెదురుగా గొంతుక్కూర్చున్నాడు. "చేతులొదిలెయ్, రెండోదానా," అన్నాడు. మాట కొంచెం వంకరపోయేది అప్పటికే. "వాటి పని వాటికి తెలుసు. నన్ను చూడు." అత్త తలెత్తింది. జనమంతా ముసలాయన వైపు తిరిగారు, ఏం చేస్తాడా అని. ఏమీ చెయ్యలేదు, ముక్కు తుడుచుకున్నాడు. ఈలోగా ఐదు గింజలూ ఒక్క గిన్నె కిందికి చేరాయి. కసాయివాడు గిన్నె ఎత్తి చూసి, గుడ్డ మీద ఓ నాణెం పెట్టాడు.

అదీ సంగతి. తర్వాత ఇరవై ఆరేళ్ళు ఆడింది. పెళ్ళి చేసుకోలేదు, విద్య ఇల్లు దాటకూడదని. సంతల్లో మాత్రం 'గెంగ్ ముసలాయన గిన్నెలు' అనే పిలిచేవాళ్ళు, ఆయన పోయాక కూడా. మా వంశావళిలో ఆడపిల్లల్ని ఎక్కించరు. పెళ్ళయితే మొగుడి వాళ్ళ దాంట్లో ఓ మూల ఎక్కేది, అదీ లేదు. ఇంక నీ పుస్తకమే దిక్కు. 'గెంగ్ యూలిన్ కూతురు' అని రాస్తావా? వద్దు. పేరే రాయి. పువ్వు పేరు కాదు. తాత పెట్టింది కాదు, వాళ్ళమ్మ పెట్టింది. ఓసారి ముల్లంగి తరుగుతూ అత్తే నాకు చెప్పింది, నవ్వుకుంది కూడా, ఆ పేరుతో తననెవరూ పిలవలేదని. క్యాలెండర్ వెనకా? లేదమ్మా, అది రాసుకోలేదు. అది మర్చిపోతానా అనుకున్నాను. రెండక్షరాలు. మొదటిది... కలం మూయకు. మొదటిది...