నీలి దారం పెట్టిన పుట

1988 ఫిబ్రవరి ఒకటో తేదీ, సోమవారం ఉదయం ఏడున్నర గంటలకు, శ్రీమతి ఎనెలెసి చిమోంబోగారు చిలింగా జిల్లా జనన మరణ నమోదు కార్యాలయంలో కనిష్ఠ లేఖకురాలిగా ప్రవేశించారు. ఆ తేదీని హాజరు పుస్తకంలో స్వయంగా సరిచూసుకున్న తరువాతనే ఈ వ్యాసకర్త ఇక్కడ పొందుపరుస్తున్నాడు. కేవలం జ్ఞాపకాన్ని నమ్మి రాయడం ఆమెతో కలిసి పనిచేసినవారెవరికీ అలవాటు కాదు. అదే కార్యాలయంలో పత్రాల తనిఖీ అధికారిగా ఉండి, నాలుగేళ్ల క్రితం ఆమె కన్నా ముందే పదవీ విరమణ చేసిన ఇతడు, ఎవరినైనా మెచ్చుకునే ముందు అనుమానించడం ధర్మమని నమ్మేవాడు. ఆమెను కూడా అనుమానించాడు. ఆ సంగతి దాచిపెట్టి ఆమె పదవీ విరమణకు అభినందనం రాయడం నిజాయితీ అనిపించుకోదు.

తొలి పదేళ్లలో ఆమె చేసిన పని బయటివారికి కనపడేది కాదు. చెదలు పట్టిపోతున్న నూట నలభై పాత పుస్తకాలను ఎండలో ఆరబెట్టి, అరల మధ్య ఎండు పొగాకు పరచి, చిరిగిన అంచులకు పలుచని కాగితం అంటించి నిలబెట్టారు. వాటిలో పాత మిషన్ ప్రసూతి గృహం మూతపడినప్పుడు మనకు అప్పగించిన జనన పుస్తకమూ ఒకటి. తరువాతి కాలంలో దేశమంతా దాని చుట్టూ తిరుగుతుందని అప్పుడు ఎవరూ ఊహించలేదు.

జిల్లా నమోదు అధికారిణిగా పదోన్నతి పొందిన నాడే ఆమె రెండు నియమాలు పెట్టారు. పుస్తకం గది దాటి పోరాదు. ఇద్దరు లేనిదే తెరవరాదు. అడిగినవారికి చూపడమే కాక, పుటలో ఉన్నదంతా పైకి చదివి వినిపించేవారు. చదువు రానివారికీ చదువుకున్నవారికీ ఒకే మాట చేరాలన్నది ఆమె ఉద్దేశం.

ఇక అందరూ ఎదురుచూస్తున్న ఘట్టం. ఎన్నికలకు పది నెలల ముందు బ్లాంటైర్ మహానగరం నుంచి వెలువడే ఒక పత్రిక, మన జిల్లాలోనే పుట్టిన అధ్యక్షులు డాక్టర్ గ్రేషన్ మ్కాకాగారి తండ్రి పరదేశీయుడని ప్రకటించింది. తన తండ్రి చిలింగా వడ్రంగి ఎలియా మ్కాకా అని అధ్యక్షులవారు ఎన్నో సభల్లో చెప్పుకున్నారు. మిషన్ పుస్తకంలోని 1951 నాటి నమోదులో మాత్రం తండ్రి గడిలో ఉన్న పేరు స్టాంబులి. నివాసం సరిహద్దు అవతల, అప్పటి పోర్చుగీసు పాలనలోని మొజాంబిక్. పరదేశీయుడి బిడ్డ అయితే పదవికి అర్హుడు కాడని ఒకరు, పత్రాన్నే ఎవరో మార్చేశారని మరొకరు వాదులాడసాగారు. వారం తిరగకుండానే మన వసారాలో కెమెరాలు వరుస కట్టాయి.

పత్రికా విలేకరి వతిపాసో అందరికంటే ముందు వచ్చాడు.

"అమ్మా, ఆ పుట ఒక్కటి ఫొటో తీసుకుంటాను, అంతే."

"పుట ఒక్కటి ఎందుకు నాయనా? పుస్తకమంతా చదువుతాను, కూర్చుని విను."

"అంత తీరిక మాకెక్కడిది? ఇవాళే అచ్చు కావాలి."

"తీరిక లేనివాడివి అధ్యక్షుడి పుట్టుక మీద ఎందుకు పడ్డావు? ఏ ఫుట్‌బాల్ ఆటో రాసుకోరాదూ!"

పాలక పక్ష జిల్లా కార్యదర్శి డైమండ్ మ్పోండాగారు మర్నాడు వచ్చారు. ఆయన అడిగింది ఫొటో కాదు.

"అక్కా, కొత్త ధ్రువపత్రం ఒకటి రాసివ్వు. తండ్రి ఎలియా మ్కాకా అని ఒక్క ముక్క. నీ సంతకం, నీ ముద్ర. దేశం గొడవ సద్దుమణుగుతుంది."

"పుస్తకంలో ఆ ముక్క లేదు తమ్ముడూ."

"లేకపోతే ఉండేలా చూడాలి. నీ కుర్చీ ఇక్కడే ఉండాలని కోరుకునేవాణ్ణి కాబట్టి చెబుతున్నా."

ఆ బెదిరింపు మెత్తగానే ఉన్నా, పక్క గదిలో ఉన్న ఈ వ్యాసకర్తకు స్పష్టంగా వినపడింది. ఆమె ఏం చేస్తారో అతనికి అంతు పట్టలేదు. అదే నెలలో ఆమె ఇంటిమీద గడ్డి పోయి మెరిసే ఇనుప రేకులు వచ్చాయి. రేకులు ఎవరిచ్చారన్న ప్రశ్న సంతలో చేపలతోపాటు చేతులు మారింది. ఊరి మాటను లెక్కచేయనని చెప్పుకునే ఈ హేతువాది కూడా ఆ ప్రశ్నను ఇంటికి మోసుకుపోయాడు. మర్నాడు ఆమెనే అడిగేశాడు.

"రేకులు ఎవరు వేయించారమ్మా?"

"ఇంకెవరు, మా అన్న. నా ఇల్లు కారితే తలవంపులు ఆయనకు కాదూ?"

ఈ జవాబు అతనికి తృప్తినివ్వలేదు. ఆమె లేనప్పుడు, మన నౌకరు సాక్షిగా మిషన్ పుస్తకం తెరిచి, అధ్యక్షులవారి నమోదు ఉన్న పుటపై ఒక నీలి దారపు పోగును అడ్డంగా, పై గీత నుంచి మూడు వేళ్ల దూరంలో పెట్టి మూశాడు. ఎవరైనా దొంగతనంగా తెరిస్తే దారం జరుగుతుంది. జరిగితే నేరం రుజువవుతుంది. ఇది అతని పథకం.

బుధవారం నాడు, ఈ వివాదం తేల్చడానికి ప్రభుత్వం వేసిన విచారణ సంఘం వారి ముందు ఆ పుటను అధికారికంగా తెరిచారు. దారం జారిపడి ఉండాలి. గురువారం ఉదయం చూస్తే అది పై గీతకు మూడు వేళ్ల దూరంలో, పెట్టినది పెట్టినట్టే ఉంది. ఉచ్చును గుర్తించి తిరిగి అమర్చగలిగిన మనిషి, ఎన్నిసార్లు తెరిచినా తెలియకుండా మూయగలదు కదా! అతని అనుమానం తగ్గకపోగా రెట్టింపయింది. భూతద్దం తెచ్చి ఆ నమోదులోని అక్షరాలన్నీ పరీక్షించాడు. గీకుడు లేదు, కొత్త సిరా లేదు. ఏమీ దొరకకపోవడం కూడా అతనికి అనుమానాస్పదంగానే తోచింది.

శనివారం నాటి బహిరంగ విచారణలో విలేకరులు, పార్టీవారు, పాత మిషన్ పరిసర గ్రామాల వృద్ధులు మన ప్రాంగణమంతా నిండారు. ఎనెలెసిగారు పుస్తకాన్ని గది దాటించకుండా, గుమ్మం లోపలే కూర్చుని, మొదటి పుట నుంచి చదవడం ఆరంభించారు. సంఘాధ్యక్షుడు విసుగ్గా వారించినా ఆగలేదు. బిడ్డ పేరు, తల్లి పేరు, తండ్రి పేరు. పదిహేనో నమోదు దగ్గర వెనుక వరుసలో కొందరు నవ్వారు. ముప్పయ్యో నమోదు వచ్చేసరికి ఒక ముసలావిడ కర్ర ఊతంగా లేచి నిలబడింది.

"ఆగమ్మా! ఆ ఫైనెస్ నేనే. నువ్వు చదివిన పేరు మా నాన్నది కాదు, మా మేనమామది!"

"నాదీ అంతే!" అన్నాడు మరో వృద్ధుడు. "మా నాయన వేరే ఊరివాడు, పెళ్లయ్యాక మా అమ్మ ఊరికి వచ్చి చేరాడు. ఆయన పేరు ఎవరు రాయిస్తారు?"

ముసలావిడ ఇంకా కూర్చోలేదు. "ఆ మిషన్ నర్సు ఎవరి బిడ్డ ఇది అని అడిగేది. మా అన్న బిడ్డ అని మా అమ్మలు చెప్పేవాళ్లు. మరింకేం చెబుతారు? బిడ్డకి జబ్బు చేసినా, పెళ్లి చేసినా, తగాదా వచ్చినా నిలబడేది మేనమామే కదా!"

ప్రాంగణం గొల్లున నవ్వింది. అందరూ ఇంట్లో నిత్యం పాటించే ఆచారమే. కాగితం మీద కనబడేసరికి ఎవరూ పోల్చుకోలేకపోయారు. రేకుల గురించి ఆమె ఇచ్చిన జవాబు ఈ వ్యాసకర్తకు అప్పుడు గాని అర్థం కాలేదు. నూట ఎనభై ఆరో నమోదు చదువుతుండగా మ్పోండాగారి ముఖం మారింది, ఆ నమోదు ఆయనదే. ఆయన తండ్రి గడిలోనూ మేనమామే కూర్చుని ఉన్నాడు.

మ్పోండాగారు వెంటనే తేరుకుని చేతులెత్తారు. "చూశారుగా! స్టాంబులి మేనమామ. అంటే తండ్రి ఎలియాయే. అక్కా, ఇప్పుడైనా ఆ ముక్క రాయి!"

"రాయను," అన్నారు ఎనెలెసిగారు. "ఈ పుస్తకంలో మేనమామల పేర్లున్నాయి. తండ్రుల పేర్లు లేవు. అధ్యక్షులవారి తండ్రి ఎవరో దీనికి తెలియదు. దీనికి తెలియనిది నాకూ తెలియదు."

"అంటే పరదేశీయుడే కావచ్చన్నమాట!" అని వతిపాసో ముందుకు వచ్చాడు.

"తెలియదన్నాను నాయనా. ఆ మాట కూడా అచ్చు వేయి."

అది ఎవరూ అచ్చు వేయలేదు. మర్నాడు ఒక పత్రిక ఆమె ప్రభుత్వానికి అమ్ముడుపోయిందని రాసింది. మరొకటి ప్రతిపక్షం ఆమెను కొనేసిందని రాసింది. నెల తిరగకముందే ఉత్తరాన కొండల్లోని ఒక ఉపకార్యాలయానికి, ఒక మెట్టు తగ్గించి, బదిలీ ఉత్తర్వు వచ్చింది. ఒక్క వాక్యం రాసి ఉంటే నిలబడి ఉండే కుర్చీ అది. ఎన్నికల ఫలితంతో ఈ వ్యాసానికి పని లేదు.

అక్కడ నాలుగేళ్లు పనిచేసి ఆమె తిరిగి మన జిల్లాకు వచ్చారు. పోయిన హోదా ఏడేళ్లకు గాని దక్కలేదు. ఆ తరువాత నమోదు పత్రంలో తల్లి, తండ్రి, పెద్దదిక్కు అని మూడు వేర్వేరు గడులు పెట్టించి, ఒక్కొక్క గడిలో ఎవరి పేరు రాస్తున్నామో పైకి చదివి వినిపించాలన్న నిబంధనను అమలుచేయించారు. ఈ జిల్లాలో నేడు పుట్టే బిడ్డల విషయంలో ఆనాటి గందరగోళం తలెత్తే అవకాశం చాలా తక్కువ. అసలే లేదని మాత్రం ఈ వ్యాసకర్త అనడు.

గత వారం పుస్తకాల అప్పగింతకు సాక్షిగా ఆమె ఇతణ్ణి పిలిపించారు. మిషన్ పుస్తకం పుటలు లెక్కించి, చివరగా ఆ పుట తెరిచారు. పై గీతకు మూడు వేళ్ల దూరంలో, వెలిసిపోయిన నీలి దారం.

ఇతడు వంగి దాన్ని దగ్గరగా చూశాడు. "నేను పెట్టానని ఎప్పుడు తెలిసింది?"

"మొదటి బుధవారమే. ఈ ఆఫీసులో నీలి దారంతో కాగితాలు కుట్టేది మీరొక్కరేగా లిపెంగాగారూ."

"మరి తీసేయలేదేం?"

"మీరు పెట్టింది మీరే తీయాలి. ఈ పుస్తకంలో ఉన్నది తీసే అలవాటు నాకు లేదు."

ఇతడు ఆ దారాన్ని, ఇద్దరు సాక్షుల ఎదుట, తన చేత్తో తీశాడు. తీసినట్టు అప్పగింత పత్రంలో నమోదు చేయించాడు. క్షమాపణ కూడా చెప్పాడు; దానిని నమోదు చేయనక్కరలేదని ఆమె అన్నారు.

శ్రీమతి ఎనెలెసి చిమోంబోగారికి, ఆమె ఇంటి కప్పు కారకుండా చూసిన అన్నగారికి, పిల్లలకు, మనుమలకు ఆరోగ్యం చేకూరాలని, ఆమె నిండు నూరేళ్లు సుఖంగా జీవించాలని ఈ కార్యాలయం మనసారా ఆకాంక్షిస్తున్నది. ఆకాంక్షలకు రుజువులుండవని ఈ వ్యాసకర్త జీవితమంతా వాదించాడు. ఈ ఒక్కదానికి మాత్రం అడగడు.

— హారిసన్ లిపెంగా
విశ్రాంత పత్రాల తనిఖీ అధికారి, చిలింగా