బస్సు తెచ్చిన ఫొటో

జనగామ బస్టాండు గేటు పక్కన సీతాఫలాల గంప పెట్టుకుని కూర్చున్న అవ్వను చూసి విలేకరి ఆగిపోయాడు. తొమ్మిదేళ్ల కింద ఆయన తీసిన ఫొటోలోని ముఖమే అది. ఆమె ముందు కూర్చుని ఒక పండు చేతిలోకి తీసుకున్నాడు.

“యాదికున్ననా అవ్వా? రఘునాథపల్లి అవతల మీ ఊరికి బస్సు లేదని పేపర్ల రాసింది నేనే.”

“ఎందుకు యాదికుండవు బిడ్డా? ఫొటోకని తలకాయకు చెయ్యి పెట్టుకొమ్మని నాలుగుసార్లు ఆగం జేస్తివి గద.”

“ఇరవై ఏండ్ల సంది రోజూ రాస్తున్న. నిన్న రాసింది ఇయ్యాల యాదుండదు. నీ వార్త మాత్రం మరువలే.”

“గంతగనం ఏమున్నది దాంట్ల?”

“నాలుగు దినాలల్ల బస్సేసిండ్రు గద! నేను రాస్తే పనైంది గదొక్కటే. ఆ పేపరు ముక్కకు అద్దం కట్టించి గోడకు పెట్టుకున్న.”

“మంచిగ పెట్టుకో. గా బస్సే నాకు బువ్వ పెడుతున్నది.”

“పొద్దంత ఎండల బస్సు కోసం కూసున్నవని రాస్తుంటే నా కండ్లల్ల నీళ్లు తిరిగినయవ్వా.”

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

“బస్సు కోసం ఎవలు కూసున్నరు? ఆ దినం కోడలు ఇంటి తాళంచెయ్యి కొంగున కట్టుకొని పత్తి ఏరబోయింది. అది వచ్చేదాక రోడ్డు మీద కూసున్న.”

విలేకరి చేతిలోని పండును తిరిగి గంపలో పెట్టాడు.

“మరి గప్పుడే చెప్పద్దా అవ్వా?”

“చెప్తే బస్సొస్తుండెనా?”