పద్నాలుగు గెలుపుల మొద్దు

హలో… ఆ, నేనే. నా ఫోనుకి నేను కాక ఇంకెవరు పలుకుతారు?

ఎవరూ?… ఏ తమ్ముడు? నాకొక తమ్ముడు ఉండేవాడులే. టైర్ల షాపులో పనిచేసేవాడు. నేనే ఓనరుగారి కాళ్ళావేళ్ళా పడి గుర్రాల ఫామ్‌లో మేనేజరు ఉద్యోగం ఇప్పించాను. ఆ తర్వాత కనపడలేదు—

ఓహో, నువ్వేనా చిన్నోడా! ఏడు నెలలైంది కదా, గొంతు గుర్తుపట్టలేదు నాయనా.

బాగానే ఉన్నాను. మోకాలా? అదీ బాగానే ఉంది, వాచి ఇంకాస్త నిండుగా ఉంది. స్టూలు మీద పెట్టుకుని కూర్చున్నా… మీ బావా? ఇక్కడే. ఇరవయ్యేళ్ళుగా గుర్రాలకు కొట్టి ఊడదీసిన పాత నాడాలన్నీ ముందేసుకుని తుప్పు గీకుతున్నారు. గుడ్డి గుర్రానికి పళ్ళు తోమడమంటే ఏమిటో మా ఇంటికొస్తే చూపిస్తా. ఏవండీ, ఆ రేడియో కాస్త తగ్గించండి! చిన్నోడు… ఆ, మన చిన్నోడే. బతికే ఉన్నాడట.

సరే చెప్పు. నువ్వు ఊరికే చెయ్యవుగా.

మొద్దుకా?… ఏమైంది నా గుర్రానికి? కాలేనా? ఆ ముందు ఎడమ కాలేనా?—

కాలు బాగుంది… మేత తింటున్నాడు… నిద్రపోతున్నాడు… హమ్మయ్య. నిద్రపోతున్నాడంటే మా మొద్దే. మరి అంత నీరసంగా చెప్తావేం, నాకు గుండె ఆగినంత పనైంది.

పనికి రావడం లేదా? ఎవరు, మొద్దా? పంతొమ్మిది పందాల్లో పద్నాలుగు గెలిచినవాడు పనికి రావడం లేదా? ఏ పనికి?

…ఓ. ఆ పనికా.

మాటలు మింగుతావెందుకురా? పిల్లల్ని పుట్టించే పని అని చెప్పు. మోకాలు పోయి మానేసేదాకా పదకొండేళ్ళు లాయంలో లద్దె ఎత్తినదాన్ని, నా దగ్గర నీకు సిగ్గొకటి.

ఎన్ని ఆడగుర్రాలొచ్చాయి?… ఏడు. ఏడూ వచ్చినట్టే వెళ్ళిపోయాయి. ఎదకొచ్చినవేనా?… ఎవరు చూసి చెప్పారు?… ఆ పొట్టి గుర్రమా. అంటే పాపం ఆ పొట్టిది వాసన చూసి, ఆడగుర్రం సిద్ధంగానే ఉందని తేల్చగానే, దాన్ని బయటికి లాగేసి మొద్దుని తెస్తారన్నమాట. వడ్డించాక ఆకలిగా ఉన్నవాణ్ణి లేపేసి, అక్కర్లేనివాణ్ణి కూర్చోబెట్టడం. బాగుందిరా మీ ఫామ్.

సరే, వచ్చి ఏం చేస్తాడు?… ఊఁ… చెవులు నిక్కబొడుస్తాడు… సకిలిస్తాడు… బాగానే ఉంది కదా— ఆఁ? దాని దగ్గరికెళ్ళి కాళ్ళు చాపి నిలబడి… మూత్రం పోసి… వెనక్కి తిరిగి వచ్చేస్తాడా?

ఏడుసార్లూనా?

నవ్వట్లేదురా, దగ్గు. డాక్టరేమన్నాడు?… కిడ్నీయా! మీ డాక్టరంటే ఎవరు, కుక్కపిల్లలకి టీకాలు వేసే ఆయనేనా?… గుర్రాల పుస్తకం కూడా కొన్నాడా. శుభం.

మరి నాకెందుకు చేశావు? వచ్చి కిడ్నీ చూడమనా?

…

మళ్ళీ చెప్పు.

కాదు, మెల్లగా, ఒక్కొక్క ముక్కా చెప్పు.

నేను మందు పెట్టానా?

ఎవరన్నారా మాట?… ఓనరుగారా. రేసుల రోజుల్లో గెలిపించడానికి మీ అక్కే ఏదో ఎక్కించి ఉంటుంది, దాంతోనే వీడికి మగతనం పోయింది అన్నారు. మరి నువ్వేమన్నావు?… విన్నావు. మేనేజరువి కదా, వినడానికేగా కుర్చీ వేసిందీ. ఆడలేక మద్దెల ఓడని మొదట గుర్రాన్నన్నారు. అది తిరిగి మాట్లాడదు, మజా రాలేదు. అందుకని నన్ను పట్టుకున్నారు.

కాగితం మీద రాసివ్వాలా? ఏమేం పెట్టానో రాసిస్తే విరుగుడు చూస్తారా? సరే, పెన్నుందా, రాసుకో. తెల్లారకముందే లేచి తడిగుడ్డతో ఒళ్ళంతా తుడిచాను. పరుగెత్తి వచ్చాక కాళ్ళకి ఐసు పెట్టాను. క్యారెట్లు పెట్టాను, నా టిఫిన్ డబ్బాలోవి కూడా. అందరి గుర్రాలూ రేసు ముందు కాళ్ళు నేలకేసి కొడుతున్నా వీడు లారీలో నిలబడే గురక పెడుతుంటే, చెవిలో అరిచి లేపాను. అందుకే మొద్దన్నాను. వాడికి రేసు పుస్తకంలో బారెడు పేరుంది, ఏడు తరాల తాతల పేర్లున్నాయి. మనింట్లో మన ముత్తాత పేరేంటో నీకు తెలుసా? నాకూ తెలీదు. కానీ వాడు పలికింది మొద్దు అంటేనే… రాస్తున్నావా?

ఆఖరి కప్పు రోజు గుర్తుందా? వాన. మూల మలుపులో నాడా ఊడిపోయింది. మిగతావాళ్ళంతా అయిపోయిందన్నారు. మూడు నాడాలతో పరిగెత్తి ముక్కు తేడాతో గెలిచాడు. ఆ ముక్కు రోజూ తుడిచింది నేను. ఆ ఎడమ కాలు పాడైందీ ఆ రోజే. మర్నాడు ఫోటో పడింది చూడు, ఓనరుగారూ, ఓనరుగారి భార్యా, ఓనరుగారి అల్లుడూ, కప్పూ. నేనూ ఉన్నాలే. కళ్ళెం పట్టుకున్న చెయ్యి నాదే. మోచేతి దాకా పడ్డాను.

కోపం కాదురా… అవును, కోపమే. ఎందుకుండకూడదు?

సర్లే. ఇవాళే ఎందుకొచ్చింది నీకీ తొందర?

…లారీ వచ్చిందా? ఎక్కడికి?

బీచ్‌కా. పిల్లల్ని ఎక్కించుకుని ఇసకలో ఆ చివర నుంచి ఈ చివరికి తిప్పడానికి. సరేలే, పిల్లలంటే వాడికిష్టమే, అదొక— ఏంటీ? పంపేముందు ఏం చేస్తారు?

విత్తులు తీసేస్తారా?

ఇవాళ? ఇప్పుడా?… డాక్టరు ఎక్కడున్నాడు?… ఆఫీసులో కాఫీ తాగుతున్నాడు. కత్తులు మరిగించుకుంటూ కాఫీ తాగుతున్నాడు. చిన్నోడా, అది తీసేశాక మళ్ళీ అతికించేది కాదురా! ఏడు తరాల కాగితం ఉన్నవాడికి ఎనిమిదో తరం లేకుండా చేసి, మీరు కాఫీ తాగుతారా?

ఆగు. ఏవండీ, మీరూ ఆగండి, ఆ గీకుడు ఆపండి.

చూడు, నేను మందు పెట్టలేదు. ఇది నా మాట కాదు, రేసుకోర్సు వాళ్ళ మాట. గెలిచిన ప్రతి గుర్రానికీ అప్పటికప్పుడే మూత్రం పరీక్ష చేస్తారు. పద్నాలుగు గెలుపులు, పద్నాలుగు పరీక్షలు, ఒక్కదాంట్లోనూ ఏమీ దొరకలేదు. ఆ సీసాలు పట్టింది కూడా నేనే… ఎలా ఏంటి? గుర్రం మూత్రం నువ్వు అడగ్గానే పోస్తుందా? మిగతావాళ్ళు బకెట్టు పట్టుకుని గంటలు గంటలు కూర్చునేవాళ్ళు. నా మొద్దుకి రెండేళ్ళ వయసప్పుడే నేర్పాను. వాడు మూత్రం పోస్తున్నప్పుడల్లా పక్కన నిలబడి సన్నగా, పొడుగ్గా ఈల వేసేదాన్ని. నెలా రెండు నెలలు. ఆ తర్వాత ఈల వేస్తే చాలు, ఎక్కడున్నా సరే కాళ్ళు చాపి—

…

చిన్నోడా.

ఇందాకట్నుంచీ నీ వెనకాల ఏదో చప్పుడు వినపడుతోంది. ఎవడ్రా ఆ ఈల వేసేది?

గుర్రాలను పట్టుకునే ఆయనా… ఇంతకుముందు ఎక్కడ చేశాడు?… పాల డెయిరీలో. ఈల వేస్తే ఆవులు బెదరకుండా నిలబడి పాలు ఎక్కువిస్తాయని అలవాటు. ఆహా. ఆడగుర్రం బెదరకుండా అక్కడ కూడా… దాని పక్కనే నిలబడి… సన్నగా… పొడుగ్గా.

ఏడుసార్లూ.

నవ్వాలో ఏడవాలో తెలియట్లేదురా. మొద్దు వస్తాడు, ముచ్చటపడతాడు, దగ్గరికెళ్తాడు, అంతలో ఈయన ఈల. ఓహో, రేసు గెలిచాను కాబోలు, సీసా పట్టారు కాబోలు అనుకుని పాపం బుద్ధిగా పని కానిచ్చి వచ్చేస్తాడు. దానికి మీరు కిడ్నీ అన్నారు, మందన్నారు, మీ అక్కన్నారు. దున్నపోతు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టుంది మీ వ్యవహారం!

కూర్చోకు, లే! ఆ డాక్టరు దగ్గరికెళ్ళి ఇంకో కాఫీ ఇప్పించు. ఓనరుగారెక్కడ?… షెడ్డు దగ్గరే ఉన్నారా, మంచిది. ఆయనకేం చెప్పాలంటే… భయమేస్తోందా? నీ ఉద్యోగం పోతే టైర్లు ఎక్కడికీ పోలేదు, గుండ్రంగానే ఉన్నాయి. వాడివి పోతే రావు. వెళ్ళు. ఫోను చేతిలోనే ఉంచుకో.

…

ఏమన్నారు?… నవ్వారా. నవ్వనీ. ఒక్కసారి చూద్దామన్నారా లేదా?… అన్నారు. ఎనిమిదోది ఉందా ఇంకా?… బూడిద రంగుదా. తెప్పించు. ముందు ఆ డెయిరీ ఆయన్ని బయటికి పంపించు… ఎంత దూరమంటే, ఈల వేసినా వినపడనంత దూరం. నోట్లో ఏదైనా పెట్టి పంపించు, బిస్కెట్టో ఏదో. ఆడగుర్రం పగ్గం నువ్వు పట్టుకో… అవును, నువ్వే. మేనేజరంటే మేనేజ్ చెయ్యాలి కదా.

తెచ్చారా?… ఏం చేస్తున్నాడు?… చూస్తున్నాడు… సకిలింపు నాకూ వినపడిందిరా! ఏవండీ, విన్నారా?… ఊఁ… అడుగేశాడు… కాళ్ళు చాపుతున్నాడా?

లేదా?

చాపలేదట! పోయలేదటండీ!

చెప్పు, చెప్పు… మెడ వంచాడు… ఓనరుగారేంటి?… డాక్టర్ని కత్తులు సర్దెయ్యమన్నారా! ఇంకా లారీ— ఆ చప్పుడేంటి, లారీయేనా?… వెళ్ళిపోతోందా? ఖాళీగానేనా? సరిగ్గా చూసి చెప్పు… ఖాళీగానే. అమ్మయ్య. అమ్మయ్యా.

ఇప్పుడేం చేస్తున్నాడు?… ఆగాడా? ఎందుకాగాడు? ఎవరైనా ఈల వేశారా?… మరి?

ఎటు చూస్తున్నాడు?… నీ వైపా? అంత అందమైన ఆడపిల్లని ఎదురుగా పెట్టుకుని నీ మొహం ఎందుకు చూస్తాడురా—

…ఫోను వైపా.

స్పీకర్లో పెట్టావా?… రెండు చేతులకీ పగ్గం చుట్టుకున్నానని జేబులో… ఒరేయ్.

చెవులు రెండూ ఇటేనా… వచ్చేస్తున్నాడా నీ దగ్గరికి… జేబు మీద మూతి పెట్టాడా.

ఏడు నెలలైంది కదరా. నా గొంతు గుర్తుందా వాడికి?

…లేదు, జలుబు. మోకాలికి జలుబు చేసింది, చాలా?

ఎందుకు తిరిగాడో నాకు తెలుసు. రేసుకోర్సులో వీడు ఆడగుర్రం వైపు తల తిప్పినప్పుడల్లా ఒకటే అరిచేదాన్ని. ఏయ్ మొద్దూ, ముందు చూడు, అని. ముక్కు మీద ఒకటి వేసేదాన్ని కూడా. గట్టిగా కాదు… కొన్నిసార్లు గట్టిగానే. చూడకూడదు కదరా, అప్పుడు చూస్తే పందెం పోతుంది. నా గొంతు వినపడితే ఆడదాని వైపు చూడకూడదని వాడికి నేర్పింది నేనే. ఈల నేర్పిందీ నేనే. ఓనరుగారితో చెప్పు, మందు పెట్టలేదు గానీ, మిగతా తప్పంతా నాదేనని. తెలియక చేశాను. పిల్లలు పుట్టించే రోజొకటి వస్తుందని ఎవరు చెప్పారు నాకు? నాతో ఎవరేం చెప్పారు గనక?

వద్దు, క్షమాపణలూ వద్దు, కారు పంపించడమూ వద్దు. నేనక్కడికి వస్తే ఇంక వాడు అటు తిరగనే తిరగడు.

చిన్నోడా, ఫోను తీసి వాడి చెవి దగ్గర పెట్టు. ఒక్కసారి. మెల్లగా, జూలు పక్కకి తియ్యి… పెట్టావా?

మొద్దూ… నేనేరా. బాగా పరిగెత్తావు నాన్నా. చాలు. ఇవాళ అటే చూడు. నేనేమీ అనను.

…

తీసుకో ఫోను. ఇంక నేను పెట్టేస్తా. నేను లైన్లో ఉన్నంతసేపూ వాడు డ్యూటీలోనే ఉంటాడు… ఎందుకురా నువ్వేడుస్తావు? పగ్గం గట్టిగా పట్టుకో ముందు.

వద్దొద్దు, ఏమైందో మళ్ళీ ఫోన్ చేసి చెప్పక్కర్లేదు. వాడి సంగతి నాకు తెలుసు. పదకొండు నెలలాగి చెయ్యి. ఆడో మగో చెప్పు, చాలు.

ఆ… ఇంకొక్క మాట. ఆ పుట్టేదానికి ఎవరూ ఈల నేర్పకండి.

ఉంటా.