వీపు చూపే వీరగల్లు

తిప్పక్క కండ్లు తుడుసుకోని పెద్దరెడ్డి ముందరికొచ్చి నిలబడిందంట. మొగుడు చౌడప్ప సచ్చి మూడు దినాలే. ఏమైందంటే, పాళెగాడి దండొచ్చి కనుమ కాడ మేస్తా ఉండే ఊరి ఆవుల్నన్నీ తోలకపోయింది. చౌడప్ప ఒక్కడే వాళ్ళెంట పడినాడు. పొద్దుగూకేతలికి ఆవులన్నీ ఇండ్లకొచ్చినాయి, ఆయప్ప రాలే. తెల్లారి పోయి సూస్తే కనుమలో బోర్లా పడుండాడు, వీపున ఈటె దెబ్బ, సేతిలో ఆవుల్ని తోలే కట్టె. మన ఊర్లో పోట్లాటలో సచ్చినోడికి వీరగల్లు నిలిపేది, ఆవు ఈనితే తొలిపాలు ఆ రాయికి పోసేది మీకు తెలిసిందే కదా. అయితే వీపున దెబ్బ తిన్నోడికి మాత్రం రాయి లేదు, వాడు పారిపోతా సచ్చినట్టే అనుకో. మొగుడికి రాయి నిలపమని తిప్పక్క అడిగితే పెద్దరెడ్డి ఆ మాటే అన్నాడంట, నీ బాధ మాకు తెలుసు గానీ కట్టుబాటు తప్పేది లేదు తల్లీ అని.

మొగుడు పోయిన దుక్కం ఒక పక్క, పిరికోడనిపిచ్చుకునేది ఇంకో పక్క. ఆయమ్మ "రెడ్డీ, మీ కొట్టంలో ఆవుండాదా?" అనిందంట. ఉండాది అన్నాడు. "మొన్న దండు తోలకపోయిన ఆవు మళ్ళా ఎట్టొచ్చింది సామీ?" రెడ్డి కొట్టం పక్క తిరిగి సూసినాడు. "పారిపోయేటోడు పానం అరసేత పట్టుకోని ఒక్కడే వస్తాడు గానీ, మందనంతా అదిలిచ్చుకుంటా వస్తాడా? ఆవులు ముందర, ఆయప్ప ఎనక. దండుకి వీపు సూపకుండా మీ ఆవుల్ని ఎట్ట తోలకొచ్చేది? ఎనక్కి తిరిగి కొట్లాడింటే ఆయప్పకి రాయి దక్కేది, మీకు ఆవులు దక్కేవి కాదు!" అనింది. రెడ్డి తలగుడ్డ తీసి, తప్పయింది తల్లీ అని మొక్కినాడంట.

రాయి సెక్కేటోడొచ్చినాడు. వానికి తెలిసిందల్లా ఒకటే, మెలేసిన మీసం, ఎత్తిన కత్తి. అట్టే సెక్కి పెట్టినాడు. తిప్పక్క సూసి, "మీసం బాగుండాది నాయనా, మనిషే మావోడు కాదు. ఎట్ట సచ్చినాడో అట్ట సెక్కు" అనిందంట. పాపం, వాడు ఇంకో రాయి తెచ్చి, ముందర ఆవులు, ఎనక వీపు మనకి పెట్టి నిలబడిన మనిషిని సెక్కినాడు. రెడ్డి ఆవు ఈనినప్పుడు రెడ్డెమ్మే సెంబు పట్టుకోనొచ్చి తొలిపాలు పోసిందంట. అప్పుడు ఏడ్సింది సూడు తిప్పక్క, కడుపు నిండి ఏడ్సింది.

పొరుగూరోళ్ళు ఇప్పుటికీ నవ్వుతారు, ఏంరా, మీ వీరుడు మొగం దాసుకున్యాడే అని. నవ్వనీలే. మొగం సూపే వీరులు ఊరూరా ఉండారు. మనం తినే పెరుగన్నం మాత్రం ఆ వీపు పెట్టిన బిచ్చమేనబ్బా.