యాపచెట్టుకు యాపిల్ బోర్డు

ఏమమ్మా, చేతిలో కత్తి పట్టుకోని వచ్చినావు, ఎవురిని పొడిసేదానికి? ఓహో, అంటు కట్టేదానికి కొమ్మ కోసుకోనేదానికా. తోటల కాలేజీ పిల్లవా నువ్వు. సరే, ఆ తిన్నె మింద కూర్చో. కొమ్మ యాడికీ పరిగెత్తదు. సొన్నప్ప యాపిల్ చెట్టు కావల్ల గానీ సొన్నప్ప ముచ్చట అక్కర్లేదా? చచ్చి యాడుండాడో ఏమో, తన పేరెత్తకుండా చెట్టు ముట్టితే ఇప్పుడు కూడా కట్టె తీసుకోని లేచొస్తాడు, అట్లాంటోడు. నేనా? పక్కింటి హనుమంతప్పను. గని మూసేదాకా షాఫ్టులో కేజు, అదే మనుషులు ఎక్కే ఇనప బోను, దించేది, ఎత్తేది నా పనే. సొన్నప్పను దినామూ లోపలికి దించింది నేనే, కాలు నుజ్జయినంక పైకి ఎత్తింది నేనే. రాయి పడింది, ఇంగేముండాది. 'నువ్వు ఇంగ పనికిరావు' అనేసినాడు డాక్టరు. ఆ మాట వానికి కాలు నొప్పి కంటే జాస్తి నొచ్చింది తల్లీ.

పైన ఆపీసరు బంగ్లాలో తోటమాలి పని ఇచ్చినారు. మాలీ అంటే పలికితే కదా! 'గార్డన్ ఇన్‌చార్జి అనల్ల' అంటాడు. తెల్లదొర పారేసి పోయిన టోపీ ఒకటి, అది కూడా ఎలకలు కొరికింది, నెత్తిన పెట్టుకోని కుంటుకుంటా నీళ్ళు కొడతా ఉంటే, గవర్నమెంటు అంతా తానే నడిపిస్తా ఉండేమాదిరి. అప్పటికి దొరలు పొయినారు, గని గవర్నమెంటుది అయింది, బంగ్లాకి ఉత్తరాది ఆపీసరు వచ్చినాడు. ఆ తోటలో యాపిల్ చెట్లు మూడుండె. రెండు దొరసాని యాడనుంచో తెప్పించి పెట్టింది. మూడోది ఆమె తిని పారేసిన విత్తనానికి దాని పాటికది మొలిచింది. కాయ నిమ్మకాయంత, పచ్చగా, నోట్లో పెడితే దవడలు పీక్కపోతాయి. కాకి కూడా ముట్టదు. సొన్నప్ప పెండ్లాం గురువమ్మ మాత్రం చింతపండుకి బదులు పప్పులో వేసేది. నేనూ తినినాను, బాగుంటాది, నవ్వొద్దు.

అట్లుండగా బెంగళూరు నుంచి సైంటిస్టు ఒకాయన వచ్చినాడు. ఆ కాయ కొరికి మూతి సొట్ట పెట్టుకోని కూడా ఎగిరి గంతేసినాడు. 'మంచు లేని ఈ ఎండలో కాస్తా ఉండాదే! విత్తనంతో మొలిచింది, దీనికి జత ఇంగ యాడా ఉండదు. రేపు ఎండలు ముదిరితే కొత్త రకం పుట్టించేదానికి దీని గుణమే కావల్ల. రుచి లేదని కొట్టేస్తే ఆ గుణం మళ్ళా రాదు' అన్నాడు. అంతా చెప్పినాడు గానీ మనోని చెవికి ఎక్కింది ఒకటే, పనికిరానిదాన్ని కూడా తీసి పారేయకూడదంట! ఇంగ చూడు, సారాయంగట్లో అదే మాట, యూనియన్ మీటింగులో అదే మాట, రేషన్ క్యూలో అదే మాట. కుంటుకుంటా ఆస్పత్రికి పొయ్యి ఆ డాక్టరుకి కూడా చెప్పొచ్చినాడు.

అప్పుడే ఆపీసరుకి షటిల్ ఆడే పిచ్చి పట్టింది. తోటలో కోర్టు కట్టల్ల, చెట్లన్నీ కొట్టేయండి అన్నాడు. సైంటిస్టు పైనోళ్ళకి చెప్పి, యాపిల్ చెట్లు మాత్రం ముట్టకుండా ఆర్డరు వేయించినాడు. ఆపీసరు ఫోనులో చెట్లు కొట్టే మేస్త్రి చెన్నప్పకి చెప్పినాడు, 'యాపిల్ ట్రీ చోడ్ దో', అంటే యాపిల్ చెట్టు వదిలేయమని. మన తట్టు వేపచెట్టుని యాప అంటాము గదా. చెన్నప్ప చెవిలో యాప ఒకటే పడింది. 'చూస్తిరా, ఉత్తరాది సారుకి కూడా అమ్మోరి చెట్టంటే ఎంత భక్తో!' అని యాపచెట్టుకి పసుపు గుడ్డ కట్టి, దండం పెట్టి, మూడు యాపిల్ చెట్లూ నరికేసినాడు. సొన్నప్ప ఆ దినం ఆవని ఊరి తిరునాళ్ళకి పొయ్యుండె. తిరిగొచ్చి చూసి, చెన్నప్పని తిట్టిన తిట్లు ఆడకూతురి ముందర చెప్పకూడదు. ఆనెంక ఏం చేసినాడు తెలుసునా? నరికిన కొమ్మలు ఏరి, ఆ యాపచెట్టుకే అంటు కట్టినాడు! పేడ మెత్తి, గోనెపట్ట చుట్టి, పొద్దునా సాయంత్రం నీళ్ళు కొట్టినాడు. ఊరంతా పొయ్యి చూసి నగినాము. వారానికే ఎండిపాయె. కానీ ఆ పులుపు కాయ చెట్టు మొద్దు పక్కన, వేరులో నుంచి పిలక ఒకటి లేచింది. దాన్ని తవ్వి తెచ్చి, ఇదో, ఈ కొళాయి నీళ్ళు పోయే చోట నాటినాడు.

అసలు తమాషా ఇంగ వినల్ల. తోటలో మిగిలింది ఆ ఒక్కటే గదా, అదే యాపిల్ అనుకోని పైనోళ్ళు యాపచెట్టు చుట్టూ కంచె వేయించి, ఇంగ్లీషులో యాపిల్ అని బోర్డు కొట్టించినారు. ఏటేటా ఎవురో వచ్చేది, బోర్డు చదివేది, 'వెరీ గుడ్' అనేది, కాఫీ తాగి పొయ్యేది. తలెత్తి ఆకు చూసినోడు ఒక్కడు లేడు. సొన్నప్ప బెంగళూరికి పొయినాడు. ఆ సైంటిస్టు యాడికో బదిలీ అయినాడంట, కుర్చీలో ఇంగొకాయన. 'చెట్టు మా ఇంట్లో ఉండాది సార్, వచ్చి చూడండి' అంటే, 'మీ చెట్టు బంగ్లాలో భద్రంగా ఉండాది గదయ్యా, కంచె కూడా వేసినాము' అన్నాడంట. 'అది యాప సార్, యాప!' 'అవునయ్యా, యాపిలే, మాకు తెలీదా?' ఎంత గొంతు చించుకున్నా అంతే. బస్సెక్కి వచ్చేసినాడు.

ఆనెంక రోషం పుట్టి ఒక రూలు పెట్టినాడు. ఆపీసునుంచి ఎవురు కొమ్మకి వచ్చినా ముందర ఒక కాయ పూరాగా నమిలి మింగల్ల. ఉమిస్తే కొమ్మ లేదు. ఆ టోపీ పెట్టుకోని, నువ్వు కూర్చున్న తిన్నె మిందనే కూర్చోనేది. ఎవురొస్తారు? గని మూసిరి, బంగ్లా కూలె, యాపచెట్టు ఇప్పుడు గుడి అయి కూర్చుంది, బోర్డు మాత్రం ఉండాది. ఈ చెట్టుకి పురుగు తొలిచి, ఒక్క కొమ్మే పచ్చగుండాది చూడు. ఈ ఏడు ఎండకి అది కూడా పోతే ఇంగ లేదు. ఇదో, కాయ. తిను. నన్ను చూసేది కాదు, సొన్నప్ప రూలు, నమలల్ల. ఊ... ఊ... అయ్యో, ఉమిసేస్తివా! సొన్నప్ప ఉండుంటే టోపీ తీసి నెత్తిన కొట్టి తరిమేసుండును. చచ్చేదాకా వీధి తట్టే చూసినాడమ్మా, పాపం. ఎవురూ రారురా అని వానికి ఎంత చెప్పినా... ఇన్నేండ్లలో ఉమిసేదానికైనా ఒకరు రాలేదు తల్లీ.

...ఇయ్యి ఆ కత్తి. గురువమ్మా, కొమ్మకి చుట్టేదానికి తడి గుడ్డ తేమ్మా.